ఎగువన వాన పడిందా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎండాకాలం దగ్గర పడేకొద్దీ యూటా, అరిజోనా లోయల గురించి ఉత్తరాలు ఎక్కువవుతున్నాయి. ఈ నెల మూడు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. మూడింటిలోనూ అడిగింది నీళ్ళ గురించే.

ప్రశ్న: నమస్కారమండీ. మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మే నెలలో అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. నాన్నకు 66, అమ్మకు 61. నాన్న రోజూ పొద్దున గంటసేపు పార్కులో నడుస్తారు. అమ్మకు మోకాళ్ళ నొప్పి కొంచెం ఉంది. లాస్ వేగస్ చూశాక యూటాలో ఎర్రరాతి లోయలో నడిచి ఒక జలపాతం చూడాలని మా ఆశ. అమ్మానాన్నలు గండికోట చూశారు, అలాంటిదేనా అని అడుగుతున్నారు. ఎక్కడికి తీసుకెళ్ళమంటారు? (ఒక పాఠకురాలు, ఫ్రిస్కో)

జవాబు: గండికోట పేరు చూడగానే ప్రాణం లేచొచ్చిందమ్మా. మాది ప్రొద్దుటూరు పక్కన పల్లె. గండికోటలో మనం గట్టు మీద నిలబడి కిందున్న పెన్నను చూస్తాం. మీకు నేను చెప్పబోయే చోట లోయ అడుగున వాగు పక్కనే నడుస్తారు. రెండు వైపులా గోడలు, మధ్యలో మీరు. చాలా తేడా ఉంటుందని అమ్మకు చెప్పండి.

కాఫ్ క్రీక్‌కు తీసుకెళ్ళండి. యూటాలో ఎస్కలాంటే ఊరు దాటాక 12వ నంబరు హైవే మీద సుమారు 15 మైళ్ళు వెళ్తే వస్తుంది. లాస్ వేగస్ నుంచి కారులో దాదాపు ఐదు గంటలు. యూటా గడియారం నెవాడా కన్నా ఒక గంట ముందుంటుంది. ఈ గంట సంగతి మరిచిపోయి చాలామంది చీకటి పడ్డాక హోటల్ చేరుతారు. అందుకని ముందు రోజు రాత్రికి ఎస్కలాంటేలో ఉండి, పెట్రోలు అక్కడే నింపుకోండి. తర్వాత దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

ఒకప్పుడు అక్కడ స్థిరపడ్డవాళ్ళు పాలు మాన్పించిన దూడలను ఈ లోయలోకి తోలేవారట. కొండగోడలే దడి, లోయే దొడ్డి. అందుకే దూడల వాగు అని పేరు. చుట్టూ అంత ఎడారిలో ఈ వాగు ఏడాది పొడుగునా పారుతుంది. ఆ గోడలు ఒకప్పటి ఇసుక దిబ్బలు గట్టిపడి ఏర్పడిన రాయి. పైన పడిన వాననీ, కరిగిన మంచునూ ఆ రాయి నెమ్మదిగా పీల్చుకుని కింద ఊటలుగా వదులుతుంది. నడుస్తూ గోడ మీద చేయి పెడితే కొన్నిచోట్ల తడి తగులుతుంది. నాకు ఆ తడి జలపాతం కన్నా ఎక్కువ ఇష్టం.

జలపాతం ఎత్తు 126 అడుగులు. పోనూ రానూ కలిపి ఆరు మైళ్ళు. పెద్ద ఎక్కుడు లేదు కానీ దారి చాలావరకు ఇసుక. పార్కులో గంట నడిచే మనిషికి ఇసుకలో మూడు గంటలు వేరే సంగతి. పిక్కలు పట్టేస్తాయి. అమ్మ చేతికి రెండు ఊతకర్రలు ఇవ్వండి. ఇంకో మంచి విషయం ఏమిటంటే, జలపాతం దాకా వెళ్ళకపోయినా ఆ దారి వృథా కాదు. దారి మధ్యలో అవతలి గోడ మీద ఎర్రరంగుతో వేసిన ముగ్గురు మనుషుల బొమ్మలు కనిపిస్తాయి. వెయ్యేళ్ళ కిందట అక్కడ బతికిన ఫ్రీమాంట్ జనం గీసినవి. బైనాక్యులర్స్ ఉంటే పట్టుకెళ్ళండి, వాగు దాటి దగ్గరకు మాత్రం పోవద్దు. గోడలో ఎత్తున రాళ్ళు పేర్చి కట్టుకున్న చిన్న ధాన్యపు గాదె కూడా ఉంది. బీవర్లు అనే నీటి జంతువులు కొమ్మలతో కట్టిన అడ్డుకట్టల వెనక నీళ్ళు నిలిచి ఉంటాయి, వాటిలో ట్రౌట్ చేపలు తిరుగుతుంటాయి. అమ్మకు మోకాలు ఇబ్బందిగా ఉంటే అక్కడే నీడలో కూర్చోబెట్టి ఒకరు తోడుండండి. తను కూడా లోయ చూసినట్టే.

పొద్దున ఏడుకల్లా నడక మొదలుపెట్టండి. పార్కింగ్ చిన్నది, మే నెలలో పది కాకముందే నిండిపోవచ్చు. మూత్రశాల మొదట్లోనే ఉంది, దారిలో లేదు. మూడేసి ఆకుల గుత్తులతో ఉండే పాయిజన్ ఐవీ మొక్క వాగు ఒడ్డున ఉంటుంది, తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. అందరికీ ముందే చెప్పండి. దారి పక్క నేల మీద నల్లగా, పొక్కిన అట్టులా కనిపించేది మట్టి కాదు, సజీవమైన పొర. దాని మీద కాలు వేస్తే మళ్ళీ పెరగడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. దారి వదలొద్దు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. కొన్నేళ్ళ కిందట మా నాన్న వచ్చినప్పుడు ఫీనిక్స్ దగ్గర ఒక లోయకు తీసుకెళ్ళాను. అప్పుడు ఆయనకు 69. ఎండ దెబ్బ తగులుతుందని భయంతో అడుగడుగునా "నీళ్ళు తాగు నాన్నా, తాగు" అని వెంటపడ్డాను. ఆయన నా మాట కాదనలేక మూడు లీటర్ల పైన తాగారు. ఆకలి లేదని ఏమీ తినలేదు. తిరిగొచ్చేటప్పుడు వాంతి చేసుకున్నారు, మాట తడబడింది, నన్ను మా చెల్లెలి పేరుతో పిలిచారు. ఎండ దెబ్బే అనుకుని ఇంకా నీళ్ళు తాగించబోయాను. ఆస్పత్రిలో పరీక్ష చేశాక డాక్టరు చెప్పారు, ఒంట్లో సోడియం బాగా పడిపోయిందని. చెమటతో ఉప్పు పోతుంటే ఉప్పు లేకుండా నీళ్ళు మాత్రమే పోస్తే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. రెండు రోజులకు కోలుకున్నారు. ఆ రెండు రోజులూ నేను పడ్డ బాధ ఏ బిడ్డా పడకూడదు.

అందుకని నీళ్ళతో పాటు ఉప్పు తినిపించండి. మన ఇంటి తిండి కన్నా మంచిది దొరకదు. చింతపండు పులిహోర, జంతికలు, చెక్కలు, ఉప్పు వేసి వేయించిన వేరుశనగలు. నాన్నను ఇండియా నుంచి ఎలక్ట్రాల్ పొట్లాలు పది తెమ్మనండి. గంటకోసారి కూర్చుని కొంచెం తిని, దాహమైనంత తాగండి. బీపీ మందులు వాడుతుంటే ఉప్పు ఎంత తీసుకోవచ్చో బయల్దేరే ముందు డాక్టరును అడగండి.

జలపాతం కింద మడుగులోకి దిగే ముందు కాలు పెట్టి చూడమనండి. గోడ నీడలో ఆ నీళ్ళు మేలో కూడా జివ్వుమంటాయి. నాన్న ఉత్సాహపడి ఒక్కసారిగా దూకకుండా చూసుకోండి. ఒడ్డున నిలబడితే చాలు, జల్లు ముఖానికి కొడుతుంది.

ప్రశ్న: మేం అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటాం. గ్రాండ్ కాన్యన్ వైపు ఉన్న హవాసు జలపాతాన్ని ఫోటోల్లో నీలం రంగు నీళ్ళతో చూసి మా ఏడేళ్ళ పాప ఒకటే గొడవ. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చా? (ఒక తండ్రి)

జవాబు: కుదరదండీ. అక్కడ ఒక్కరోజు నడకకు అనుమతే లేదు. కొండ పైనుంచి సుపాయ్ ఊరికి 8 మైళ్ళు, అక్కణ్ణుంచి క్యాంపుకు ఇంకో 2 మైళ్ళు. ముందుగా అనుమతి తీసుకుని, కింద మూడు రాత్రులు ఉండేలా వెళ్ళాలి. పైగా లోయ నడక కొండ నడకకు తిరగబడ్డది. కొండైతే ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎక్కి, అలిసిపోయాక దిగుతాం. లోయలో మొదట హాయిగా దిగిపోతాం, అలిసిపోయాక ఎక్కాలి. హవాసులో ఆ నిటారు ఎక్కుడు తిరుగు దారి చివరి మైలులో ఉంది. ఏడేళ్ళ పాపకు పది మైళ్ళు నడిచాక అది పెట్టకండి. రెండు మూడేళ్ళు ఆగండి.

ఇంకో మాట. అది పార్కు కాదు, హవాసుపాయ్ జనం ఊరు. ఆ పేరుకు అర్థమే నీలిపచ్చ నీళ్ళ మనుషులని. ఆ నీళ్ళలో కరిగిన సున్నపురాయి వల్ల ఆ రంగు. 1882లో అమెరికా ప్రభుత్వం వాళ్ళను 518 ఎకరాలకు కుదించేసింది. పైనున్న వేట భూములు పోయాయి. దాదాపు 93 ఏళ్ళు అడిగితే 1975లో సుమారు 1,85,000 ఎకరాలు తిరిగొచ్చాయి. ఇప్పటికీ ఆ ఊరికి ఉత్తరాలు కంచరగాడిదల మీద దిగుతాయి. మద్యం, డ్రోన్లు తేవద్దని వాళ్ళు పెట్టిన నియమం. మన ఊరికి ఎవరైనా చుట్టపుచూపుగా వస్తే ఎలా ఉండాలని కోరుకుంటామో అలా వెళ్ళాలి. పాపకు నీళ్ళ రంగుతో పాటు ఈ కథ కూడా చెప్పండి.

ప్రస్తుతానికి ఫీనిక్స్ పడమట వైట్ ట్యాంక్ కొండల్లో వాటర్‌ఫాల్ ట్రయల్ ఉంది. పోనూ రానూ రెండు మైళ్ళు. రాళ్ళ మీద పాతకాలం వాళ్ళు చెక్కిన బొమ్మలు ఉంటాయి. చివర జలపాతం గట్టి వాన పడితేనే ఉంటుంది. చలికాలంలో బాగా వాన కురిసి, తెరిపిచ్చిన మర్నాడు తీసుకెళ్ళండి.

ప్రశ్న: అక్కా, మేం శాన్ హోసేలో పనిచేసే నలుగురు స్నేహితులం. జులైలో యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో, నదిలోనే నడిచే ఇరుకు లోయ నారోస్ నడవాలని టికెట్లు కొన్నాం. ఫోన్‌లో వాతావరణం చూస్తే ఆ వారమంతా ఎండే. మా అమ్మ మాత్రం ఇంటర్నెట్‌లో వరద వీడియో చూసి ఒకటే టెన్షన్ పడుతోంది. ఎండ ఉంటే వరద ఎలా వస్తుందో ఆమెకు కాస్త అర్థమయ్యేలా చెప్పరా? (ఒక తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, అర్థం చేసుకోవాల్సింది మీరు. అమ్మ భయం నిజం.

మా ఊరి పక్కన ఒక వంక ఉండేది. ఏడాదిలో పది నెలలు ఇసుకే. ఆ ఇసుకలో ఆడుకునేవాళ్ళం, ఎండుపుల్లలు ఏరుకునేవాళ్ళం. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, నెత్తి మీద ఎండ మాడుతుండగా, మా జేజి ఒడ్డు మీంచి కేకలేసి మమ్మల్ని పైకి రమ్మంది. మాకేమీ కనిపించలేదు. ఎగువన కొండల మీద నల్లగా ఉందని ఆమె చూసింది. మేం ఒడ్డెక్కి ఎంతోసేపు కాలేదు, పుల్లలూ ఆకులూ నెట్టుకుంటూ ఎర్రటి నీళ్ళు వచ్చాయి. ముందు మోకాలి లోతు, చూస్తుండగానే మనిషి లోతు. మా ఊళ్ళో చినుకు పడలేదు.

జయాన్‌లో వర్జిన్ నదీ అంతే, కాకపోతే పరుగెత్తి ఎక్కడానికి ఒడ్డు ఉండదు. నారోస్‌లో గోడలు వెయ్యి అడుగుల దాకా ఉంటాయి, కొన్నిచోట్ల నది వెడల్పు 20, 30 అడుగులే. పై నుంచి మొత్తం నడిచేవాళ్ళ దారే 16 మైళ్ళు, నది అంతకన్నా ఎగువ నుంచి వస్తుంది. మీ ఫోన్ చూపించే ఎండ మీరున్న చోటిది. వాన పడేది మీకు కనిపించని పీఠభూమి మీద. అక్కడ నేలంతా రాయి, గట్టి వాన నీళ్ళు అంత త్వరగా ఇంకవు. అన్నీ జారి సందులోకే వస్తాయి. జులై మధ్య నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుముల వానల కాలం.

1997 ఆగస్టు 12న అరిజోనాలో లోయర్ యాంటిలోప్ లోయలో 11 మంది చనిపోయారు. ఎక్కువమంది వేరే దేశాల నుంచి చూడడానికి వచ్చినవాళ్ళు. వాన మైళ్ళ దూరంలో ఎగువన పడింది. 2015 సెప్టెంబరులో జయాన్‌లోనే కీహోల్ అనే సన్నని లోయలో ఏడుగురు కొట్టుకుపోయారు. వాళ్ళలో ఎవరూ మనకన్నా తెలివి తక్కువ వాళ్ళు కారు.

కాబట్టి ఆ రోజు పొద్దున పార్కు చెప్పే రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, నదిలో సెకనుకు ఎన్ని ఘనపు అడుగుల నీళ్ళు పారుతున్నాయి. 150 దాటితే వాళ్ళే దారి మూసేస్తారు. రెండు, ఆకస్మిక వరద అవకాశం ఏ స్థాయిలో ఉంది. బోర్డు మీద నాలుగు స్థాయిలు ఉంటాయి: రాదు, రావచ్చు, వచ్చే అవకాశం ఎక్కువ, తప్పక వస్తుంది. పార్కు "రావచ్చు" అన్న రోజున కూడా జనం వెళ్తారు. నేను వెళ్ళను. "రాదు" అని ఉన్న రోజునే, ఆరింటికల్లా తొలి షటిల్ బస్సు క్యూలో నిలబడి, మధ్యాహ్నం పన్నెండుకు బయటికి వచ్చేలా వెనక్కి తిరుగుతాను.

లోపల ఉండగా తేటగా ఉన్న నీళ్ళు బురద రంగుకు తిరిగినా, పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి రైలు వస్తున్నట్టు హోరు వినిపించినా ఫోటో కోసం ఆగొద్దు. దగ్గర్లో ఎత్తుగా ఏది ఉంటే అది ఎక్కేయండి. నీళ్ళను దాటి పరుగెత్తాలని చూడొద్దు. నీళ్ళు తగ్గేదాకా అక్కడే, ఎన్ని గంటలైనా సరే.

బూట్ల సంగతి కూడా అడిగారు కదా అని ఉత్తరం రెండోవైపు చూశాను. చెప్పులు వద్దు. నది అడుగున గుండ్రటి నున్నటి రాళ్ళు, బంతుల మీద నడిచినట్టు ఉంటుంది. స్ప్రింగ్‌డేల్ ఊళ్ళో ఆ నడకకు తగ్గ బూట్లు, పొడవాటి కర్ర అద్దెకిస్తారు. కర్ర తప్పకుండా తీసుకోండి. ఆ నదిలో విషపు నాచు ఉందని 2020 నుంచి పార్కు హెచ్చరిస్తూ వస్తోంది. తల ముంచొద్దు, ఫిల్టర్ చేసి కూడా ఆ నీళ్ళు తాగొద్దు.

టికెట్లు కొన్నాం కదా అని ఆ ఒక్కరోజునే పట్టుకుని ఉండకండి. జయాన్‌లో మూడు రోజులు పెట్టుకోండి. బోర్డు బాగాలేని రోజున లోయర్ ఎమరాల్డ్ పూల్‌కు వెళ్ళండి, పోనూ రానూ మైలుంపావు. అక్కడ రాతిచూరు కింద నుంచి నడుస్తుంటే పైనుంచి నీళ్ళు ధారగా మీ ముందు పడతాయి. ఆ ఫోటో అమ్మకు పంపండి. నారోస్‌లోకి వెళ్ళిన రోజున మాత్రం బయటికి రాగానే, ఫోన్ అందిన మొదటి చోటునుంచే, ఆమెకు ఫోన్ చేయండి.