కాలేజీలో గంజాయి తాగిన అబ్బాయికి సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తుందా?

మీ అబ్బాయికి డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం వచ్చిందనీ, రెండేళ్ళ క్రితం కాలేజీలో గంజాయి తాగిన సంగతి సెక్యూరిటీ క్లియరెన్స్ (అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో రాయాలా వద్దా అనీ అడిగారు. రాయమనండి, మొత్తం రాయమనండి. మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఎవరికి తెలుస్తుందండీ, వదిలేయండి" అన్నారట. కొంప ముంచే సలహా అదే.

నాది గంజాయి కాదు, మందు. 2015లో వర్జీనియాలో ఒక మిత్రుడి గృహప్రవేశం. పెద్దవాళ్ళూ ఆడవాళ్ళూ పైన, మేము కింద బేస్‌మెంట్‌లో. మా ఆవిడ పాపని తీసుకుని ముందే వెళ్ళిపోయింది. ఇల్లు పది నిమిషాల దూరమే కదా అని నేను కారు తీశాను. పోలీసు ఆపాడు. డీయూఐ (తాగి బండి నడిపిన) కేసు, కోర్టు, క్లాసులు, కారులో ఇంటర్‌లాక్. గొట్టంలోకి ఊదితే గానీ బండి స్టార్ట్ కాదు. "రోజూ అదెందుకు ఊదుతావు నాన్నా?" అని వెనక సీట్లోంచి పాప అడిగేది.

2023లో క్లియరెన్స్‌కి అప్లై చేసినప్పుడు నాకూ ఇలాంటి సలహాలే వచ్చాయి. 7 ఏళ్ళు దాటింది, రాయక్కర్లేదన్నారు. తప్పు. మత్తుమందులు వాడారా అనే ప్రశ్న 7 ఏళ్ళ వరకే, కానీ మందుకో డ్రగ్స్‌కో సంబంధించి కేసు పెట్టారా అనే ప్రశ్నకి గడువే లేదు. రాశాను.

ఇన్వెస్టిగేటర్ ఎదురుగా కూర్చుని అన్నీ అడిగాడు. ఆ రాత్రి ఎన్ని తాగారు, ఇప్పుడెంత తాగుతారు. కోర్టు కాగితాలు ముందు పెట్టాను. తర్వాత, "ఇది మీ అమ్మానాన్నలకు తెలుసా?" అన్నాడు. నా నోరు పెగల్లేదు. గుంటూరులో ఉన్న వాళ్ళకి నేను తాగుతానని కూడా తెలియదు. "తెలియదు" అన్నాను. "మరి ఇది పట్టుకుని ఎవరైనా మిమ్మల్ని బెదిరిస్తే?"

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పాప కారులో లేదు కదా?" అన్నారు.

నాకు క్లియరెన్స్ వచ్చింది. ఎనిమిదేళ్ళ నాటి తప్పు కంటే దాన్ని దాచడమే క్లియరెన్స్ ఇచ్చేవాళ్ళకి పెద్ద తప్పు. 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో తాగుడుకీ డ్రగ్స్‌కీ వేర్వేరు భాగాలున్నాయి. ఎంత కాలమైంది, ఇంకా అలవాటుందా, మళ్ళీ చేస్తాడా అని మనిషిని మొత్తంగా చూస్తారు. ఒకప్పుడు సరదాకి గంజాయి తాగినంత మాత్రాన అదొక్కటే నిర్ణయించదని 2021లో నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ కూడా రాతపూర్వకంగా చెప్పారు. ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే మాత్రం ఫెడరల్ నేరం, 5 ఏళ్ళ దాకా జైలు.

అయితే మీ అబ్బాయి ఇప్పుడు పూర్తిగా మానేసి ఉండాలి. వర్జీనియాలోనో కొలరాడోలోనో చట్టం ఒప్పుకుంటుందన్న వాదన పనికిరాదు, క్లియరెన్స్‌కి లెక్క ఫెడరల్ చట్టమే.

ఇంకొక బాధ కూడా చెప్పుకోవాలి. మన ఇళ్ళలో బేస్‌మెంట్‌లో ఏం జరుగుతుందో పైన ఉన్న పెద్దలకి తెలియకూడదు. అందుకే "బాగా తాగావు, ఇక్కడే పడుకో" అని గట్టిగా చెప్పేవాళ్ళుండరు. ఆ రోజు నాకూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా కారు తాళాలు ముందే నేను తీసుకుంటాను, మా నాన్న ఎదురుగా ఉన్నా సరే.

ఫారం పంపే ముందు ఒక కాపీ దాచుకోమనండి. ఇంటర్వ్యూలో చెప్పే తేదీలు అందులో రాసినవాటితో సరిపోవాలి.