ట్రాఫిక్‌లో మాత్రమే ఇంజన్ వేడెక్కుతుంటే

కారు హైవే మీద బాగానే ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితేనే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతుంటే, తప్పు చాలావరకు రేడియేటర్ ఫ్యాన్‌దే. బండి పరుగులో ఉంటే రేడియేటర్‌ను చల్లబరిచే పని ఎదురుగాలే చేసేస్తుంది.

1. ఇంజన్ ఆన్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి.

2. తిరగకపోతే ఫ్యూజ్ చూడండి.

3. ఫ్యూజ్ బాగుంటే చాలామంది నేరుగా కొత్త మోటారు కొనేస్తారు. ఆగండి. ఇంజన్ ఆపి ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు వదిలే చిన్న స్విచ్ డబ్బా) పీకి, అదే నంబరున్న వేరే రిలే ఉంటే (కొన్ని కార్లలో హారన్‌ది సరిపోతుంది) దాని చోట పెట్టి చూడండి. పాతదాని కాళ్లు నల్లగా మాడి ఉంటే దొంగ దొరికినట్టే.

4. అప్పటికీ కదలకపోతే మెకానిక్‌తో మోటారుకు నేరుగా 12 వోల్టులు ఇప్పించండి. తిరిగితే వైరింగో సెన్సారో, లేకపోతే మోటారే.

వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయకండి, మరుగుతున్న నీళ్లు ముఖం మీదకు చిమ్ముతాయి.