మీ ప్రశ్న – మా జవాబు: ఆ అదనపు గీతలు ఎవరివి?

ప్రశ్న: నాకు హ్యామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు ఉంది. 7.1 మెగాహెర్ట్జ్‌పై పనిచేసే 5 వాట్ల ట్రాన్స్‌మిటర్ సొంతంగా కట్టుకున్నాను. చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో తెరపై గీతలుగా చూపే పరికరం) తీగముక్క తగిలించి చూస్తే 14.2, 21.3 దగ్గర కూడా గీతలు లేస్తున్నాయి, అడుగున నాయిస్ కూడా ఎక్కువగా ఉంది. లోపం ట్రాన్స్‌మిటర్‌దేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: తీగముక్కతో చూసినంతకాలం ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ తీగ మీ సిగ్నల్‌తో పాటు ఇంట్లోని ఎల్ఈడీ బల్బుల, చార్జర్ల రొదను కూడా పట్టుకుంటుంది.

యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాలిలోకి పంపకుండా వేడిగా మార్చే రెసిస్టర్ల కట్ట) పెట్టండి. 1 కిలో ఓమ్, 2 వాట్ల కార్బన్ లేదా మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 20 సమాంతరంగా కలిపితే 50 ఓములు వస్తాయి. తీగచుట్టు రకం మాత్రం పనికిరాదు. ఆ లోడ్ నుంచి 4.7 కిలో ఓమ్‌లు, 270 ఓములు వరుసగా కలిపి ఎనలైజర్ 50 ఓముల ఇన్‌పుట్‌కు ఇస్తే సిగ్నల్ సుమారు 40 డీబీ (డెసిబెల్స్; శక్తిలో పదివేల వంతుకు) తగ్గుతుంది, అంటే 5 వాట్లు (37 డీబీఎం, ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ లెక్క) మైనస్ 3 డీబీఎంగా చేరుతాయి. బరంపురంలోనో విశాఖలోనో దొరికే ఈ సరుకంతా రేకు డబ్బాలో బిగించాలి.

అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. ఎనలైజర్‌కు ముందు మరో 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించే భాగం) పెట్టి, ఎనలైజర్ లోపలి అటెన్యుయేషన్ మారకుండా చూసుకోండి. 14.2 గీత కూడా సరిగ్గా 10 డీబీయే దిగితే అది ట్రాన్స్‌మిటర్‌దే. దాదాపు 20 డీబీ దిగితే, బలమైన సిగ్నల్ తాకిడికి ఎనలైజరే దాన్ని పుట్టిస్తోందన్నమాట. 21.3 విషయంలో ఆ పతనం 30 డీబీ వరకూ ఉంటుంది. చాలామంది ఈ పరీక్ష చేయకుండానే ట్రాన్స్‌మిటర్ ఫిల్టర్‌లోని తీగచుట్లు విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెడతారు.

నాయిస్ సంగతికొస్తే, బ్యాండ్‌విడ్త్ చెప్పని నాయిస్ అంకెకు అర్థం లేదు. రిజొల్యూషన్ బ్యాండ్‌విడ్త్‌ను (ఎనలైజర్ ఒక్కసారికి చూసే ఫ్రీక్వెన్సీ వెడల్పు) 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌కు మారిస్తే క్యారియర్ (7.1 దగ్గరి అసలు సిగ్నల్) కదలదు, అడుగున ఉన్న నాయిస్ మాత్రం 10 డీబీ లేస్తుంది. 3 కిలోహెర్ట్జ్‌తో తీసిన అంకెలోంచి సుమారు 35 డీబీ తీసేస్తే ఒక్క హెర్ట్జ్‌కు లెక్క వస్తుంది. ట్రాన్స్‌మిటర్ ఆపినా అడుగు అక్కడే ఉంటే, మీరు చూస్తున్నది ఎనలైజర్ సొంత నాయిస్.

30 మెగాహెర్ట్జ్ లోపు హ్యామ్ ట్రాన్స్‌మిటర్లకు అంతర్జాతీయ రేడియో నిబంధనల లెక్క ప్రకారం, 5 వాట్ల వద్ద అదనపు సిగ్నళ్లు క్యారియర్ కన్నా 50 డీబీ దిగువన ఉండాలి. నిజమైన గీత అంతకన్నా ఎత్తున నిలిస్తే, యాంటెన్నా వైపు లో-పాస్ ఫిల్టర్‌కు (ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపేది) మరో దశ చేర్చి, ఇదే అమరికతో మళ్లీ కొలవండి.