ఇంకో కిక్కు కొట్టకు, అల్లుడా

చిరంజీవి అల్లుడికి హనుమకొండ నుంచి మామ ఆశీస్సులు.

రాత్రి ఫోన్‌లో నీ గొంతు వణికింది. తెల్లారి మీ బాపు బండి తీసేలోపు ఎట్లయినా స్టార్ట్ చేయాలని నీ టెన్షన్. ముందు ఈ ఒక్క మాట విను. ఇంజన్ పోలేదు. కరెంటు లేని వేళ ట్రాక్టర్ డబ్బాలోని డీజిల్ 2 లీటర్లు స్ప్లెండర్‌లో పోసినంత మాత్రాన బండి తుక్కు కాదు. దాని తర్వాత కంగారులో చేసే పనులతోనే తుక్కవుతుంది. అందుకే నిద్ర రాక కూర్చొని కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. పొద్దున బండి పక్కన పెట్టుకొని చదువు.

బండి చెరువు కట్ట దాకా బాగానే పోయి ఆగింది కదా, అంటే డీజిల్ కాదేమో అన్నావు. డీజిలే. పైపులో, కార్బొరేటర్ కప్పులో అంతకుముందు పెట్రోల్ మిగిలి ఉంది. దాంతో అర కిలోమీటరు నడిచింది. అది అయిపోయి డీజిల్ కలిసిన పెట్రోల్ రాగానే దడదడ కొట్టి, తెల్లటి పొగ వదిలి ఆగిపోయింది. పెట్రోల్ చలికాలంలో కూడా ఇట్టే ఆవిరవుతుంది, ప్లగ్ నిప్పురవ్వకు అంటుకుంటుంది. డీజిల్ అట్లా ఆవిరి కాదు. మీ ట్రాక్టర్ ఇంజన్ గాలిని 16 రెట్లకు పైగా నొక్కి, ఆ వేడికే డీజిల్‌ను మండిస్తుంది, దానికి ప్లగ్గే లేదు. నీ బండి నొక్కేది 9, 10 రెట్లే. కాబట్టి ఎన్ని కిక్కులు కొట్టినా మండని డీజిల్ ప్లగ్‌ను తడిపి, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. నువ్వు కొట్టే ప్రతి కిక్కూ దాన్ని ఇంకొంచెం కిందికి పంపుతుంది. కట్ట వాలులో తోసి గేర్ వేసి స్టార్ట్ చేద్దామని నీ దోస్తు అన్నాడట. అదీ వద్దు.

పైన ఫుల్లుగా పెట్రోల్ పోస్తే సర్దుకుంటుందని కూడా ఎవరో ఒకరు చెప్తారు. నిండు ట్యాంకులో టీ గ్లాసెడు పడితే ఆ మాట నడుస్తుంది, కొంచెం పొగ వదిలి పోతుంది. నీ ట్యాంకులో ఉన్నది లీటరు పెట్రోలే, పోసింది 2 లీటర్ల డీజిల్. మొత్తం తీయాల్సిందే. ఇంకొకరు డీజిల్ బరువు కదా, రాత్రంతా ఉంచితే అడుగుకు చేరుతుంది, కింది భాగం వంపేస్తే చాలంటారు. నమ్మకు. పాలూ నీళ్లూ కలిసినట్టు అవి కలిసిపోతాయి, మళ్లీ విడిపోవు. అడుగుకు చేరేది నీళ్లు మాత్రమే.

పని ఇంట్లో కాదు, వాకిట్లో కాదు, పశువుల కొట్టానికి, గడ్డివాముకు దూరంగా ఖాళీ జాగాలో చెయ్యి. తాళం తీసి జేబులో వేసుకో. దగ్గర ఎవరూ బీడీ ముట్టించొద్దు, తాతకు ముందే చెప్పు. పైపు నోట్లో పెట్టి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పీల్చకు. డీజిల్ కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి రావచ్చు. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, దగ్గర్లోని ఆసుపత్రికో తీసుకుపోవాలి. అసలు పీల్చే అవసరమే లేదు. ట్యాంకు కింద పెట్రోల్ వదిలే కాక్ ఆఫ్ చేసి, పైపును కార్బొరేటర్ దగ్గర ఊడదీసి డబ్బాలో పెట్టి, కాక్‌ను రిజర్వ్‌కు తిప్పు. ఆన్‌లో పెడితే అడుగుది మిగిలిపోతుంది. ధార ఆగాక సీటు తీసి, ట్యాంకు వెనక బోల్టు విప్పి, మీటరు వైరు ఊడదీసి, ట్యాంకును వెనక్కి లాగి ఎత్తు. అర లీటరు పెట్రోల్ పోసి కుదిపి వంపు. ఇంకోసారి అట్లాగే చెయ్యి. బంకులో డబ్బాలో పోయరు కాబట్టి కార్బొరేటర్ ఉన్న ఇంకో పాత బండి పైపు ఊడదీసి 2, 3 లీటర్లు తెచ్చుకో.

పైపులో ఫిల్టర్ ఉంటే కొత్తది వెయ్యి. కార్బొరేటర్ కప్పు అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, అది వదులు చేస్తే లోపలిది కారిపోతుంది. ఆ తర్వాత పైనుంచి కొంచెం పెట్రోల్ వదిలి మళ్లీ కార్చు. కప్పు విప్పడం నీకు చేతనవుతుందంటే విప్పి కడుగు, లేకుంటే దాని జోలికి పోకు. లోపల పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం ఉన్న జెట్టులో సూది, తీగ పెట్టి పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే జెట్టు మార్చేదాకా బండి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

ప్లగ్ విప్పితే నల్లగా, తడిగా వస్తుంది. పెట్రోల్‌తో కడిగి, బ్రష్‌తో రుద్ది, గాలికి ఆరనివ్వు. కొత్త ప్లగ్ దొరికితే ఇంకా మంచిది. ప్లగ్ బయట ఉన్నప్పుడే, తాళం లేకుండా, ప్లగ్ వైరు క్యాప్‌ను దూరంగా పెట్టి, రంధ్రం మీద గుడ్డ కప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి 10, 15 సార్లు నెమ్మదిగా కిక్కు నొక్కు. సిలిండర్‌లో ఉన్న డీజిల్ గుడ్డకు పడుతుంది. నేను వద్దన్న కిక్కు ఇక్కడ మాత్రం కావాలి.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని. నేను ములుగు రోడ్డులో ఒక షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో ఇట్లాంటి బండే ఒక రైతు తోసుకొచ్చాడు. ట్యాంకు కడిగాను, ప్లగ్ మార్చాను, బండి స్టార్టయింది. సంతోషంగా పంపించాను. ఆయిల్ చూడలేదు. మూడు వారాలకు హెడ్డులో టకటక చప్పుడుతో తిరిగొచ్చింది. డీజిల్ కలిసి పలచబడ్డ ఆయిల్‌తో, వాల్వులను తెరిచే కామ్, రాకర్ అరిగిపోయాయి. ఆ మనిషి ఒక్క మాట అనకుండా పంచె కొంగు విప్పి రిపేరు డబ్బులు ఇచ్చాడు. తప్పు నాదని ఆ రోజు నోరు తెరిచి చెప్పలేకపోయాను. ఇప్పటికీ అది నన్ను కుదురుగా ఉండనివ్వదు.

కాబట్టి స్టార్ట్ చేసే ముందే ఆయిల్ మార్చు. మెయిన్ స్టాండ్ వేసి డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే నీకే తెలుస్తుంది. మట్టం గీత కంటే పైకొచ్చిందంటే ఇక అనుమానమే లేదు. కింది బోల్టు విప్పి అరగంట కారనివ్వు. కొత్తది లీటరు లోపే పడుతుంది, 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ అని రాసి ఉండాలి. ఇంట్లో ట్రాక్టర్ ఆయిల్ ఉంది కదా అని అది పోయకు. మోటర్ సైకిల్‌లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, వేరే ఆయిల్ పడితే జారుతాయి.

ఇవన్నీ అయ్యాక ప్లగ్, ట్యాంకు, పైపు మళ్లీ బిగించి, లీటరు మంచి పెట్రోల్ పోసి, చోక్ లాగి కిక్కు కొట్టు. నాలుగైదు కిక్కులకు అందుకుంటుంది. సైలెన్సర్‌లో మిగిలిన డీజిల్ కాలేదాకా కాసేపు పొగ వస్తుంది, భయపడి ఆపకు. 10 నిమిషాలైనా పొగ తగ్గకపోతే ఆపి నాకు ఫోన్ చెయ్యి. రెండు రోజులు నడిపాక ప్లగ్ తీసి చూడు. లేత కాఫీ రంగులో ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టు.

తమ్ముడిది 2020 తర్వాతి బీఎస్6 బండి, నీ బండిలా కార్బొరేటర్ కాదు, ఇంజెక్టర్ ఉంటుంది. దాంట్లో ఎప్పుడైనా ఇట్లా జరిగితే తాళం కూడా తిప్పొద్దని వాడికి చెప్పు. తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు డీజిల్‌ను ఇంజెక్టర్ దాకా నెడుతుంది. అది ఇంట్లో చేసే పని కాదు, ఆటో ట్రాలీలో వేసి తెండి.

తీసిన ఆ కలగాపులగం ట్రాక్టర్‌లో పోయాలనిపిస్తుంది. పోయకు. ట్రాక్టర్ పంపుకు డీజిలే నూనె, పెట్రోల్ కలిస్తే ఆ జిడ్డు పోయి పంపు అరుగుతుంది. పొయ్యిలోకీ వాడొద్దు, బావి దగ్గర పారబోయొద్దు. మూత గట్టి డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా పెట్టు. నీళ్ల సీసాలో మాత్రం పోయకు. నేను వచ్చే వారం ఊరికొస్తాను, షెడ్డుకు తీసుకుపోయి ఇంజన్ సామాన్లు కడగడానికి వాడతాను. డీజిల్ డబ్బా మెడకు ఇప్పుడే ఎర్రగుడ్డ కట్టు, చీకట్లో చేతికి తగులుతుంది.

బాపుకు బండి స్టార్టయ్యాక కాదు, పొద్దున లేవగానే చెప్పు. ట్యాంకు ఎత్తేటప్పుడు ఇంకో మనిషి కావాలి.

మీ మామ