టెక్ సందేహాలు: కెమెరా మారిస్తే పిల్లలు పాఠం చూస్తారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే ఉపాధ్యాయులవే. అందుకే మొరాయించే ప్రింటర్లు, ఉబ్బిన బ్యాటరీల సంగతి వచ్చే వారం చూద్దాం. బ్యాటరీ ఉబ్బిన ఫోను ఉన్నవారు మాత్రం నా జవాబు కోసం ఆగకుండా ఈ రోజే దాని వాడకం మానేయండి.

ప్ర: లెక్కల టీచర్‌ని. 45 నిమిషాల క్లాసును ఫోనులో రికార్డు చేసి అలాగే పెడుతున్నాను. చాలామంది ఐదారు నిమిషాలకే కట్టేస్తున్నారు. మంచి కెమెరా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏవి కొనమంటారు?

జ: కెమెరా కొనకండి. ఏదో ఒకటి కొనాల్సిందే అనుకుంటే కాలరుకు తగిలించుకునే మైకు కొనండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు. మాట గరగరలాడితే మాత్రం రెండో నిమిషంలోనే వెళ్లిపోతారు.

అయినా మీ చిక్కు పరికరంలో లేదు. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని 4 కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వీడియో ఎంత పొడవున్నా, చూసిన సమయపు మధ్యగత విలువ 6 నిమిషాలు దాటలేదు. అంటే మీ పిల్లలు లోకంలోని మిగతా పిల్లల్లాగే ఉన్నారు. వాళ్లను కోప్పడకండి.

ఈ మాట వినగానే చాలామంది పాత వీడియోను ఏడెనిమిది ముక్కలు చేసి, పని అయిపోయిందనుకుంటారు. స్ప్రెడ్‌షీట్ల మీద నేను చేసిన మొదటి కోర్సులో నేనూ అదే చేశాను. మొదటి ముక్క చూసినవాళ్లలో చాలామంది మూడోది తెరవలేదు. తెరిచినవాళ్లకైనా సొంతంగా ఒక సూత్రం రాయడం వచ్చిందా అంటే, అదీ లేదు. ఎందుకు వస్తుంది? అన్ని ముక్కల్లోనూ నేను రాస్తున్నాను, వాళ్లు చూస్తున్నారు. కత్తిరింపుల వల్ల ఆ సంగతి ఏమీ మారలేదు.

మీ లెక్కల్లోంచే ఒక పాఠం తీసుకుందాం. శాతాలు. వీడియో కన్నా ముందు తెర మీద ఒక్క ప్రశ్న పెట్టండి: 100ను 20 శాతం పెంచి, వచ్చినదాన్ని మళ్లీ 20 శాతం తగ్గిస్తే ఎంత? ఎంపికలు 100, 96, 104. ఈ ప్రశ్నకు ఎక్కువమంది వేలు 100 మీదికే పోతుంది. అలా నొక్కినవాళ్లకు ఎర్ర గుర్తు చూపించి వదిలేయకుండా, ‘రెండోసారి 20 శాతం దేనిలోంచి తీశారు? 100లోంచా, 120లోంచా?’ అని అడగండి. అక్కడ పిల్లవాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఇప్పుడు మీ వీడియో రావాలి. మూడు నిమిషాలు చాలు. 120లో 20 శాతం 24, మిగిలేది 96. అది ముగియగానే అంకెలు మార్చి, వరుస తిప్పి ఇంకో ప్రశ్న: ముందు 50 శాతం తగ్గించి, తర్వాత 50 శాతం పెంచితే? వారం తర్వాత, వాళ్లు జ్యామితి చేస్తున్న రోజున, చెప్పాపెట్టకుండా అదే తరహా ప్రశ్న మళ్లీ ఒకటి.

ఆ ఆఖరి ప్రశ్నను చాలామంది అనవసరమని తీసేస్తారు. నేనైతే వీడియోనైనా తీసేస్తాను కానీ దాన్ని తీయను. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే మూసి రాసినవాళ్లది. మీ వీడియోను మూడుసార్లు చూసిన విద్యార్థికి కూడా మొదటి గుంపులాగే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. పరీక్ష రోజుకు గానీ అసలు విషయం బయటపడదు.

దీనికి కావలసిన సరంజామా ఉచితంగానే దొరుకుతుంది. హెచ్‌5పీ అనే సాధనంతో వీడియోను మధ్యలో ఆపి ప్రశ్న అడగవచ్చు. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ అనే వేదికలో క్విజ్ పెట్టేటప్పుడు ‘డిఫర్డ్ ఫీడ్‌బ్యాక్’ ముందే ఎంచుకొని ఉంటుంది. అలాగే వదిలేస్తే, మొత్తం సమర్పించేదాకా తాను ఎక్కడ పొరబడ్డాడో విద్యార్థికి తెలియదు. దాన్ని ‘ఇంటరాక్టివ్ విత్ మల్టిపుల్ ట్రైస్’కు మార్చండి. ప్రశ్నలో మీరు సూచన రాసి ఉంచితే, తప్పు చేసినచోటే అది వస్తుంది, మళ్లీ ప్రయత్నించే వీలుంటుంది. కొత్త పాఠం మొదలుపెట్టినప్పుడు ముందు ఆ ఆఖరి ప్రశ్న రాయండి, వీడియో చివర తీయండి. ఈ వరుసలో చేస్తే సగం వీడియోలు అక్కర్లేదని మీకే తెలుస్తుంది.

ప్ర: స్లయిడ్ మీద ఉన్నదంతా చదివి వినిపిస్తే వెనకబడ్డ పిల్లలకు మేలు కదా?

జ: మేలు కాదు. బొమ్మ చూస్తూ, మాట వింటూ, అవే మాటలను తెర మీద చదువుతూ పోతే దృష్టి చీలిపోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల్లో తేలిన విషయమిది. స్లయిడ్ మీద బొమ్మ, రెండు మూడు ముఖ్య పదాలు ఉంచి, మిగతాది నోటితో చెప్పండి. ఉపశీర్షికల సంగతి వేరు. వినికిడి లోపం ఉన్నవారికి, బోధనా భాష ఇంకా అలవాటు కానివారికి అవి తప్పనిసరి. వాటిని వీడియోలో అతికించేయకుండా వీటీటీ ఫైలుగా (ఏ మాట ఎప్పుడు కనిపించాలో రాసి ఉండే టెక్స్ట్ ఫైలు) విడిగా ఇస్తే, కావలసినవాళ్లు పెట్టుకుంటారు, అక్కర్లేనివాళ్లు తీసేస్తారు.

ప్ర: ఓబీఎస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌తో గంటసేపు రికార్డు చేశాక కరెంటు పోయింది. ఎంపీ4 ఫైలు తెరుచుకోవడం లేదు.

జ: మామూలు ఎంపీ4 ఫైలుకు అవసరమైన సూచిక రికార్డింగు ముగిసినప్పుడే రాయబడుతుంది. అది లేకపోతే ప్లేయర్‌కు లోపలున్నది అర్థం కాదు. రక్షించే సాధనాలు కొన్ని ఉన్నా, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఇకపై సెట్టింగ్స్‌లో ఎంకేవీ అనే ఫైలు రకాన్ని ఎంచుకొని రికార్డు చేయండి. కరెంటు పోయినా అప్పటిదాకా చెప్పింది మిగులుతుంది. తర్వాత ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. నాణ్యత తగ్గదు.

ప్ర: మా కోర్సును స్కార్మ్ ప్యాకేజీగా (వేర్వేరు బోధనా వేదికల్లో నడిచేలా కోర్సును ఒకే మూటగా కట్టే పద్ధతి) చేసి ఎక్కించాం. మొదటి అధ్యాయాల్లో బాగానే ఉంటుంది. చివరికి వచ్చేసరికి విద్యార్థి మళ్లీ తెరిస్తే ఎక్కడో వెనక తేలుతున్నాడు. సర్వర్ లోపమా?

జ: సర్వర్‌ను తిట్టే ముందు మీ ప్యాకేజీ ఏ వెర్షనో చూడండి. స్కార్మ్ 1.2 అయితే, విద్యార్థి ఎక్కడ ఆగాడో, ఏ ప్రశ్నకు ఏమన్నాడో దాచుకునే ‘సస్పెండ్ డేటా’ అనే గడిలో 4,096 అక్షరాలే పడతాయి. కోర్సు పొడవైతే అది నిండిపోతుంది. ఆ తర్వాతి అడుగులు నమోదు కావు. మీరు చెప్పిన లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోతున్నాయి. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో ఆ హద్దు 64,000 అక్షరాలు. కానీ మీ వేదికకు అది చేతకావాలి కదా. మూడుల్ స్వతహాగా పూర్తిగా నడిపేది 1.2ను మాత్రమే. కాబట్టి అధ్యాయానికొక ప్యాకేజీగా విడగొట్టడమే తేలిక దారి.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. కొన్ని ప్యాకేజీలు ‘నిష్క్రమించు’ నొక్కినప్పుడే దాచుకుంటాయి. పిల్లలేమో ట్యాబును అమాంతం మూసేస్తారు. విద్యార్థి ఖాతాతో మీరే లోపలికి వెళ్లి, చివరి నుంచి రెండో స్లయిడ్ దాకా నడిచి, ట్యాబు మూసి, మళ్లీ తెరిచి చూడండి. ఈ పదిహేను నిమిషాల పని చేయకుండానే కోర్సు విడుదల చేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు.

ప్ర: అందరికీ ఉచితమని పెట్టిన కోర్సులో 300 మంది చేరితే 21 మంది పూర్తి చేశారు. సిగ్గుగా ఉంది.

జ: ఎందుకండీ సిగ్గు? మీది 7 శాతం. ఎడ్‌ఎక్స్‌లో హార్వర్డ్, ఎంఐటీ కోర్సుల మీద 2019లో వచ్చిన విశ్లేషణ ప్రకారం 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది 3.13 శాతం. చేరినవాళ్లలో సగానికి పైగా కోర్సు లోపల అడుగే పెట్టలేదు. రుసుము కట్టి ధ్రువపత్రం కోరినవాళ్లలో మాత్రం 46 శాతం గట్టెక్కారు. అందువల్ల మీ లెక్కను 300తో కాకుండా మొదటి పని చేసినవాళ్లతో మొదలుపెట్టండి. ఏ అడుగు దగ్గర ఎక్కువమంది రాలిపోయారో ఆ ఒక్క పాఠాన్నే తిరగరాయండి. గడువు తేదీలు పెట్టకపోయి ఉంటే పెట్టండి. ‘మీకు వీలైనప్పుడు చేయండి’ అంటే ఎప్పటికీ చేయకపోయినా ఫర్వాలేదన్నట్టే వినిపిస్తుంది.

ప్ర: పిల్లలు అసైన్‌మెంట్లన్నీ చాట్‌బాట్‌తో రాయించి పంపుతున్నారు. పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

జ: మార్కులు తీసేసేంతగా నమ్మదగినది ఏదీ లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి సాధనం ఒకటి విడుదల చేసి, కచ్చితత్వం చాలక జులైలో వెనక్కి తీసుకుంది. నిజాయతీగా రాసిన ఒక్క పిల్లవాడిని దొంగగా నిలబెడితే, ఆ తర్వాత మీ కోర్సులో అతను మనసు పెట్టడు. పనినే మార్చండి. వ్యాసానికి బదులు, తాను చేసిన లెక్కలో మూడో మెట్టు ఎందుకు అలా వచ్చిందో రెండు నిమిషాలు ఫోనులో చెప్పి పంపమనండి. లేదా చాట్‌బాట్ జవాబును మీరే ఇచ్చి, అందులో తప్పెక్కడుందో పట్టుకోమనండి. ఆ 20 శాతం ప్రశ్ననే కాస్త మార్చి, ధీమాగా 100 అని తేల్చే ఒక వివరణ మీరే రాసి, మొదటి అసైన్‌మెంట్‌గా ఇవ్వండి.