ముట్లు ఆగాక అక్కడ మంట తగ్గడం లేదు. ఫంగస్ మందులు వాడినా గుణం లేదు. ఏం చేయాలి?

అడిగిన విషయం: వయసు 52, ముట్లు ఆగి మూడేళ్లు. ఏడాదిగా యోని దగ్గర మంట, కూర్చుంటే ఒరుసుకుపోయినట్టు నొప్పి, మూత్రానికి వెళ్తే చురుక్కుమనడం. తెల్లబట్ట లేదు, మూత్ర పరీక్షలో ఏమీ తేలలేదు. మూడుసార్లు ఫంగస్ మందు వాడారు. వేడి చేసిందని మజ్జిగ, బార్లీ నీళ్లు తాగుతున్నారు.

ముందుగా ఒక మాట. మూడుసార్లు పనిచేయని మందును నాలుగోసారి కొనకండి. ముట్లు ఆగాక ఫంగస్ రావడమే తక్కువ, షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే ఇది ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తగ్గిపోవడం వల్ల వచ్చిన మంట అయ్యే అవకాశమే ఎక్కువ. ఒంట్లో వేడికీ దీనికీ సంబంధం లేదు. మజ్జిగ తాగండి, మంచిదే, కానీ ఈ మంట మజ్జిగకు లొంగదు.

యోని లోపలి పొర, దాని ముఖద్వారం, మూత్రద్వారం, మూడూ ఈస్ట్రోజెన్‌తోనే మందంగా, తడిగా ఉంటాయి. ఆ పొర కణాల్లో ఉండే గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ మీద బతికే మంచి బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి అక్కడి ఆమ్ల గుణాన్ని తెలిపే పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది. హార్మోన్ తగ్గితే పొర పలచబడుతుంది, తడి పోతుంది, పీహెచ్ 5 దాటుతుంది, అంటే ఆమ్ల గుణం తగ్గుతుంది. అప్పుడు చీర కుచ్చిళ్లు ఒత్తుకున్నా, మూత్రం తగిలినా మంటే. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ఉన్నట్టే అనిపించేది ఇందుకే. ఒంట్లో ఆవిర్లు చాలామందికి కొన్నేళ్లలో వాటంతట అవే సర్దుకుంటాయి. ఇది అలా సర్దుకోదు, పట్టించుకోకపోతే పెరుగుతుంది. దీన్ని పూర్వం అట్రోఫిక్ వజైనైటిస్ అనేవారు. 2014 నుంచి జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్, పొట్టిగా జీఎస్ఎం అంటున్నారు. డాక్టరు చీటీలో ఏ పేరు కనిపించినా జబ్బు ఒకటే.

గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు ఇది చదువుతుంటే, డిశ్చార్జ్ కాగితం ఒకసారి తీసి చూడండి. అందులో 'బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ' అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. అప్పుడు 38 ఏళ్లకైనా ఇదే మంట, ఇంకా తీవ్రంగా రావచ్చు. దేశంలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయి. అయినా ఆపరేషన్ తర్వాత ఈ సంగతి చెప్పి పంపేవాళ్లు తక్కువ.

ఈ రోజే మొదలుపెట్టాల్సింది, అక్కడ పూసేవీ పోసేవీ ఆపడం. డెట్టాల్ నీళ్లు, ఇంటిమేట్ వాష్, సబ్బు, వేపాకు కషాయం, పసుపు, నిమ్మరసం, వంటసోడా, సువాసన టిష్యూలు, రోజూ పెట్టుకునే పలచటి ప్యాడ్లు, అన్నీ. పలచబడ్డ చర్మానికి వీటిలో ప్రతిదీ నిప్పే. పైపైన మామూలు నీళ్లతో కడిగితే చాలు, లోపలికి నీళ్లు కొట్టకూడదు. కడిగాక మెత్తటి నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. లోదుస్తులు నూలువి వాడండి. ఉతికాక సర్ఫు మిగలకుండా రెండుసార్లు జాడించండి, రాత్రి వేసుకోకపోయినా పర్వాలేదు. మూత్రం పోసేటప్పుడు చెంబుతో నీళ్లు ధారగా పోసుకుంటే చురుకు తగ్గుతుంది. వాసన, మందు ఏదీ కలవని వ్యాజలిన్ బఠాణీ గింజంత తీసుకుని పైభాగంలో మాత్రమే రోజుకు రెండుసార్లు రాయండి, మూత్రం నేరుగా చర్మానికి తగలదు. ఎక్కువగా మండే రోజు టబ్బులో గోరువెచ్చటి ఉత్త నీళ్లు పోసుకుని పది నిమిషాలు కూర్చోవచ్చు.

ఇక మందులు. మాయిశ్చరైజర్, లూబ్రికెంట్ ఒకటి కావు. హయలురానిక్ ఆమ్లం ఉన్న యోని మాయిశ్చరైజర్‌ను కలయికతో పని లేకుండా మూడు రోజులకోసారి రాత్రి లోపల పెట్టుకోవాలి. లూబ్రికెంట్ కలయిక సమయానికి మాత్రమే. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఎక్కువగా ఉన్నవి పలచటి పొరలోని తడిని లాగేసి మంట పెంచుతాయి. వేడెక్కించేవి, వాసన వేసేవి అసలు వద్దు. కొబ్బరి నూనె కొందరికి పడుతుంది, కానీ కండోమ్ వాడితే నూనె దాన్ని పాడుచేస్తుంది.

పొర మళ్లీ మందం కావాలంటే మాత్రం ఈస్ట్రోజెన్ అక్కడికే అందాలి. మన దగ్గర ఎక్కువగా రాసేది గ్రాముకు 1 మిల్లీగ్రాము ఉండే ఎస్ట్రియాల్ క్రీమ్. మామూలు మోతాదు రాత్రికి అర గ్రాము. మొదట రెండు మూడు వారాలు రోజూ, ఆ తర్వాత వారానికి రెండు రాత్రులు. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. చాలామంది దీన్ని అప్లికేటర్‌తో బాగా లోపలికి పెట్టేసి పడుకుంటారు. మంట ఉండేదేమో ముఖద్వారం దగ్గర, మూత్రద్వారం కింద. కొంత క్రీమ్ వేలితో సగం లోపలికి రాసి, మిగతాది ఆ ద్వారం చుట్టూ మెత్తగా అద్దండి. కలయికకు ముందు ఈ క్రీమ్ రాయకూడదు, అప్పుడు లూబ్రికెంటే వాడాలి.

మొదటి వారం క్రీమే మండినట్టు అనిపించవచ్చు. పొర పచ్చిగా ఉండటం వల్ల, కొన్నిసార్లు క్రీమ్‌లో కలిపిన ఇతర పదార్థాల వల్ల అలా అవుతుంది. నాలుగైదు రోజులు పావు గ్రాముతో మొదలుపెట్టి పెంచడం, లేదా యోనిలో పెట్టుకునే 10 మైక్రోగ్రాముల ఎస్ట్రడయాల్ మాత్రకు మారడం గురించి డాక్టర్ను అడగండి. తేడా రెండు మూడు వారాల్లో మొదలవుతుంది, పూర్తి ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పది రోజులు వాడి పనిచేయలేదని వదిలేయడం ఒక పొరపాటు, తగ్గిందని ఆపేయడం ఇంకో పొరపాటు. ఆపితే కొన్ని వారాలకో నెలలకో మంట మళ్లీ వస్తుంది. బీపీ మాత్రలాగే ఇదీ కొనసాగాల్సిన మందు.

ట్యూబు లోపలి కాగితంలో క్యాన్సర్, పక్షవాతం అని చదివి భయపడేవాళ్లు చాలామంది. ఆ భయం ఎక్కువగా 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. అందులో ఇచ్చినవి నోటితో మింగే హార్మోన్ మాత్రలు. వారానికి రెండుసార్లు ఇంత కొంచెం క్రీమ్ నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ, అందుకే గర్భసంచి ఉన్నా సాధారణంగా గర్భసంచి పొరను కాపాడే ప్రొజెస్టిరాన్ హార్మోన్ జత చేయరు. అయితే ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా క్రీమ్ మొదలుపెట్టకముందే స్కానింగ్ చేయించాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, ముఖ్యంగా ఈస్ట్రోజెన్ తగ్గించే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు వాడుతున్నవాళ్లు ముందు మాయిశ్చరైజర్‌తోనే ప్రయత్నించాలి. క్రీమ్ విషయం క్యాన్సర్ డాక్టరే తేల్చాలి.

మూడు నెలలు సరిగ్గా వాడినా తగ్గకపోతే కారణం వేరే ఉండవచ్చు. అన్నిటికంటే ఎక్కువగా కళ్లు తప్పేది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని దురద, తెల్లగా ముడతపడ్డ సిగరెట్ కాగితంలాంటి చర్మం, కొన్నిసార్లు మలద్వారం చుట్టూ కూడా. తెల్లగా ఉంది కదా అని బొల్లి అనుకుంటారు, కానీ బొల్లికి సాధారణంగా దురద ఉండదు. దీనికి ఈస్ట్రోజెన్ సరిపోదు. క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ 0.05 శాతం ఆయింట్‌మెంట్ నెల రోజులు రోజూ, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు రాయించడం మామూలు పద్ధతి. కొద్దిమందిలో ఇది క్యాన్సర్‌గా మారుతుంది, కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే. మానని పుండు, గట్టి గడ్డ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. క్లోబెటసాల్ పేరు చూశారని మెడికల్ షాపులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు కొనుక్కోవద్దు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత చర్మం ఇంకా పలచబడుతుంది, గజ్జల్లో తామర ఉంటే మొండిగా తయారవుతుంది.

షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయేమో కూడా చూడండి. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపుతాయి, అది తగిలిన చోట ఫంగస్ పదేపదే పుడుతుంది. మీ అంతట మీరు ఆపకుండా, రాసిన డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. చర్మం బాగానే కనిపిస్తూ, ముఖద్వారం దగ్గర దూదిపుల్ల ఆనించినా ప్రాణం పోతున్నట్టుంటే అది నరాలది, లేదా కటి కండరాలు బిగుసుకుపోవడం వల్లది. అప్పుడు రాత్రికి తక్కువ మోతాదులో నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలీన్, ఫిజియోథెరపీ ఉపయోగపడతాయి. యోనికి చేసే లేజర్ ప్యాకేజీల జోలికి మాత్రం వెళ్లకండి. 2021లో ఉత్తుత్తి లేజర్‌తో పోల్చి చేసిన పరీక్షలో ఏడాది తర్వాత చూస్తే తేడా ఏమీ లేదు.

సిగ్గుపడి డాక్టరు దగ్గర 'తెల్లబట్ట' అనో 'అక్కడ బాగోలేదు' అనో అంటే మళ్లీ ఫంగస్ మందే చేతిలో పెడతారు. ఇలా చెప్పండి: "ముట్లు ఆగి మూడేళ్లయింది, తెల్లబట్ట లేదు, ముఖద్వారం దగ్గర మంట, మూడుసార్లు ఫంగస్ మందు వాడాను, తగ్గలేదు. ఒకసారి లైటు వేసి చూసి చెప్పండి." వాడిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్లండి. చూడకుండానే చీటీ రాస్తే, చూడమని ఇంకోసారి అడగండి.