ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరకపోతే బ్యాగ్ పాడైనట్టేనా?

కాదు, చాలాసార్లు లోపం బ్యాగ్‌లో కాకుండా దాని దాకా వెళ్లే వైరులోనో కనెక్టర్‌లోనో ఉంటుంది. బ్యాగ్‌ను పేల్చే ఇగ్నైటర్ రెసిస్టెన్స్ సాధారణంగా 2 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, కంట్రోల్ యూనిట్ అతి తక్కువ కరెంటు పంపి దాన్ని ఎప్పుడూ చూసుకుంటూ ఉంటుంది, సీటు కింది పసుపు కనెక్టర్ కాస్త వదులైనా, పిన్నుకు తుప్పు పట్టినా ఆ విలువ మారిపోయి లైట్ వెలుగుతుంది.

ఉదాహరణకు స్కానర్‌లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ లోపాన్ని చూపే కోడ్‌తో పాటు హారన్ కూడా మోగడం మానేస్తే ముందు అనుమానించాల్సింది స్టీరింగ్ వెనక ఉండే క్లాక్ స్ప్రింగ్‌నే, అంటే స్టీరింగ్ తిరుగుతున్నా బ్యాగ్‌కు, హారన్‌కు కనెక్షన్ తెగకుండా ఉంచే చుట్టలాంటి వైరునే. బ్యాగ్ స్థానంలో అంతే విలువున్న రెసిస్టర్ పెట్టి చూస్తారు, అప్పటికీ అదే కోడ్ వస్తే లోపం బ్యాగ్‌ది కాదు.

స్కానర్‌తో కోడ్ చెరిపేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ లోపం ఉన్నంతకాలం అది మళ్లీ వస్తుంది, పైగా లైట్ వెలుగుతుండగా ప్రమాదం జరిగితే బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. దయచేసి మల్టీమీటర్‌ను నేరుగా బ్యాగ్‌కు పెట్టకండి, ఆ కొద్ది కరెంటుకే అది పేలొచ్చు. బ్యాటరీ తీసేసినా యూనిట్‌లోని కెపాసిటర్‌లో కాసేపు ఛార్జ్ మిగిలే ఉంటుంది, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగాకే కనెక్టర్ ముట్టుకోవాలి.